వేరు కుంపటి

టోమె అన్నం గిన్నె మూత తీసింది. ఆవిరి లేచి ఆవిడ మొహాన్ని కాసేపు కప్పేసింది.

చెక్క హస్తంతో ముందు కొడుక్కి పెట్టింది. తర్వాత నిన్న సాయంత్రం బస్సులో దిగిన కూతురికి పెట్టింది. ఆపైన తనకి పెట్టుకుంది. హస్తాన్ని తడిగుడ్డతో తుడిచి, కత్తి దోపుకున్నట్టు నడుము పట్టీలో దోపుకుని, గిన్నె మీద మూత పెట్టేసింది.

కోడలు షిజునో ముందున్న గిన్నె బోర్లించే ఉంది. నిన్న పొద్దుటి నుంచీ ఇదే వరస.

యాసుహిరో సోయా ముద్దతో కాచిన మిసో చారు ఒక గుక్క తాగి, తల్లి చూడకుండా టీ కెటిల్ దగ్గరికి లాక్కుని ఆ చారు గిన్నెలోకి కాస్త వంపుకున్నాడు. టోమె ముల్లంగి ఊరగాయ ముక్క కరకరా నమిలింది. డెబ్బై దాటినా ఒక్క పన్నూ కదల్లేదని ఆవిడకి గొప్ప.

"వదినా, నీకు అన్నం వద్దా?" అంది మచికో, ఏమీ తెలియనట్టు.

"కావాలి."

"మరి అమ్మనడుగు."

"అడగను," అంది షిజునో.

చెయ్యి చాపి తన గిన్నె తిరగేసింది. మూత తీసి, తినే పుల్లలతోనే గుత్తులు గుత్తులుగా అన్నం పెట్టుకుంది. టోమె దవడ ఆగింది.

"అయ్యో, పొయ్యి దగ్గర పిల్లిలా ఏమిటిది వదినా!"

"పిల్లికి ఎవరూ వడ్డించరుగా మచికో. దాని తిండి అదే చూసుకుంటుంది."

యాసుహిరోకి పొలమారింది.

మచికో గిన్నె కింద పెట్టి సర్దుక్కూర్చుంది. నకత్సుగావా నుంచి ఆవిడ ఊరికే రాలేదు. "దువ్వెనల కొట్టావిడ ఫోన్ చేసి చెబితే నేను నమ్మలేదు. నట్టవీధిలో, ఊరివాళ్లూ పైఊరివాళ్లూ చూస్తుండగా, అమ్మ మిసో కలిపి నూరిన పూత కుండ తీసుకెళ్లి కాలవలో గుమ్మరించావట."

"గుమ్మరించాను."

"చూడు, మాటైనా తడబడదు!"

"ఎందుకు తడబడాలి? మొన్న మన కొట్టుకొచ్చిన ఆ పైఊరి పిల్ల ఒక్క ముక్క కొరికి చేతిరుమాల్లోకి ఉమ్మేసింది. తక్కింది పుల్లతో సహా మన అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. మన మసుయా కొట్టు అరుగు మీద సగం తిన్న పుల్ల నువ్వెప్పుడైనా చూశావా?"

మచికో చూడలేదు. చూసినవాళ్లు ఆ వీధిలోనే లేరు. పుల్లకి అదిమిన అన్నం ముద్దకి పూత పూసి కాల్చిన గోహే మోచి కొన్నవాళ్లు కొట్టు ముందే నిలబడి తింటారు. ఒట్టి పుల్లని వెదురు బొంగులో వేసి, తల వంచి వెళతారు. నచ్చినా అంతే, నచ్చకపోయినా అంతే.

"ఈకాలం పిల్లలకి రుచేం తెలుసు?" అంది మచికో చివరికి.

"ఉప్పు తెలుస్తుంది."

టోమె కోడలి వంక చూడలేదు. ఎదుటి గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో పూత కుండలో వేలు పెట్టానని మా అత్త నన్ను మంచులో నిలబెట్టింది. కాళ్లు నీలం తిరిగాయి. అయినా నేను కుండ పారబొయ్యలేదు. నిలబడ్డాను."

"నేను నిలబడను అత్తయ్యా," అంది షిజునో.

"అమ్మా, నువ్వాగు," మచికో అందుకుంది. "వదినా, గొడవ పెంచుకోకు. రేపు వేషాల ఊరేగింపు. జిల్లా నలుమూలల నుంచీ జనం వస్తారు. ఒక్కసారి నుదురు చాపకి ఆనించి తప్పయిందను. అమ్మ కొత్త కుండ నూరుతుంది. ఎప్పటిలాగే నువ్వు కాలుస్తావు. అంతే."

"ఎప్పటిలాగే."

"అవును. ఈ ఊళ్లో ఏదీ మారకూడదనేగా అందరూ కలిసి మాట అనుకున్నారు? ఇళ్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, కూల్చకూడదు అని. దానివల్లే కదా ఇంతమంది చూడ్డానికి వస్తున్నారు!"

"ఆ మాట గోడలకీ కప్పులకీ మచికో. నాలుకలకి కాదు."

"అన్నయ్యా! విన్నావా?"

యాసుహిరో విన్నాడు. విని, ఖాళీ చారు గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

*

కుమెజో గారు వచ్చేసరికి గిన్నెలు ఇంకా తియ్యలేదు. ఎదురింటి దువ్వెనల కొట్టు ఆయనదే. ఈ ఏడు వీధి పెద్ద కూడా ఆయనే. రేపటి ఊరేగింపులో పాతకాలం అధికారి వేషం కట్టి అందరికంటే ముందు నడవాలి. ఆ విగ్గు అలవాటు కావాలని పొద్దుటి నుంచీ పెట్టుకునే తిరుగుతున్నాడు. అది ఎడమ చెవి మీదికి జారి ఉంది.

"వదినగారూ, ఒక్క మాట అడిగి పోదామని," అన్నాడు అరుగు మీద కూర్చుంటూ. "రేపు మసుయా ముందు నిప్పు వెలుగుతుందా అని. ఊరేగింపు ఇక్కడ ఆగకపోతే బాగుండదు. ఏటా మీరు గుమ్మంలో నిలబడి మొదటి పుల్ల తింటేగానీ మేం ముట్టుకోం."

టోమె కాగితపు తలుపు పక్కకి తోసి బయటికొచ్చింది.

"కుమెజో. నిజం చెప్పు. నా పూత చెడిందా?"

ఆయన మొహం చూసి షిజునోకి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. విగ్గు సర్దుకున్నాడు. ఆకాశం చూశాడు. ఎదుటి తన కొట్టు చూశాడు.

"మసుయా రుచి మసుయా రుచే వదినగారూ. అందులో మాటేముంది?"

"విన్నావా?" అంది టోమె. ఎవర్నడిగిందో చెప్పలేదు. లోపలికి వెళ్లిపోయింది.

షిజునో చెప్పులేసుకుని ఆయన వెనకే వీధిలోకి నడిచింది. కాలవ పక్కన ఆపింది.

"బాబాయ్‌గారూ, ఎండాకాలం నుంచీ మీరు మా దగ్గర తిన్న ప్రతిసారీ ఎక్కడికి వెళుతున్నారో నాకు తెలుసు."

"ఎక్కడికెళతానమ్మా?"

"మా వెనకసందులో కుళాయి దగ్గరికి. దోసిళ్లతో నీళ్లు తాగి, నోరు పుక్కిలించి, మీసాలు తుడుచుకుని మళ్లీ ముందు నుంచి వచ్చి 'రుచి బాగుంది' అంటారు."

కుమెజో గారి చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మాయ్, ఈ వీధిలో ఒకరి చేతి వంటకి ఇంకొకరు వంక పెట్టరు. మీ మామగారు బతికున్నప్పటి నుంచీ అంతే. మనం పెట్టకపోతే పోయేదేముంది?"

"ఊరి మాట దక్కింది. మా కొట్టు పోయింది. మీరంతా కలిసి మర్యాదగా పాడు చేశారు."

"అంత మాటనకు."

"మీలో ఒక్కరు చెప్పి ఉంటే ఆ పిల్ల ఉమ్మేదాకా వచ్చేది కాదు."

ఆయన కాసేపు కాలవలోకి చూశాడు. నీళ్లు తేటగానే పారుతున్నాయి. కుండెడు పూత ఎప్పుడో కొట్టుకుపోయింది.

"రేపు నిప్పు వెలుగుతుందా, లేదా? అది చెప్పు."

"వెలుగుతుంది," అంది షిజునో.

*

పెరట్లో కొట్టాం ముందు యాసుహిరో హినోకి మాను చెక్కని పుల్లలుగా చీలుస్తున్నాడు. వృత్తికి వడ్రంగి. ఊళ్లో పాత ఇళ్లకి ఏ దూలం కుంగినా అతన్నే పిలుస్తారు. మసుయా పుల్లలు మాత్రం ఎవరికీ అప్పజెప్పడు, తనే చెక్కుకుంటాడు. వెడల్పుగా, అంచులు గీసుకోకుండా, అన్నం ముద్ద జారకుండా.

షిజునో ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. వొళ్లో గాడుల మట్టిగిన్నె పెట్టుకుంది. వేయించిన ఎగోమా గింజలు అందులో పోసి నూరడం మొదలుపెట్టింది. ఆవాలంత గింజలు. లోయ ఎగువన ఆమె పుట్టింటి మళ్లలో పండుతాయి. మసుయాలో ఎప్పుడూ అక్రోటే.

అతను వాసన పట్టాడు. ఉలి ఆగింది.

"ఇదేమిటి?"

"రేపటికి పూత."

"అమ్మ హస్తం ఇవ్వకుండానా?"

"హస్తం అన్నం వడ్డించడానికి. నూరడానికి నా చేతులున్నాయి."

"షిజునో, అమ్మ సంగతి నీకు తెలుసు. ఆ హస్తం వాళ్లత్త ఇచ్చేదాకా అమ్మ ఎన్నేళ్లు ఎదురుచూసిందో..."

"అత్తయ్యకి రుచి తెలియడం లేదు," అంది షిజునో.

నూరడం ఆపకుండానే అంది. పొత్రం గిన్నె గాడుల మీద గరగరమంటూనే ఉంది.

"చలికాలంలో ఆవిడకి జ్వరం వచ్చి తగ్గాక పోయింది. ఒకరోజు ఉప్పులో ఊరిన పుల్లపండు, మనం నాలిక్కి తగిలితేనే కళ్లు మూసుకునేది, నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ కిటికీలోంచి మంచు చూస్తోంది. మొహంలో కండరం కదల్లేదు. ఆరోజే నాకు అర్థమయింది. అప్పటి నుంచీ కుండలో ఉప్పు పెరుగుతూనే ఉంది. తెలిసేదాకా వేద్దామని వేస్తోంది. తెలియదు."

"నువ్వు ఊహించుకుంటున్నావు."

"మరి ఆవిడ పెట్టిన చారులో మీరు టీ ఎందుకు కలుపుకుంటున్నారు?"

అతను తలెత్తలేదు. ఒళ్లో పడ్డ చెక్కపొట్టు దులుపుకున్నాడు. దులిపిన చోటే మళ్లీ దులిపాడు.

"ఆ మాట అమ్మతో అన్నావా?" గొంతు తగ్గించి అడిగాడు.

"అనలేదు."

"అనకు. ఆవిడకున్నది అదొక్కటే."

"నాకున్నదేమిటి?"

పక్కింటి కోడిపుంజు కంచె ఎక్కి వీళ్లిద్దర్నీ చూసి దిగిపోయింది.

"ఆవిడ నాలుక పోయినందుకు నాకు కోపం లేదండీ. జ్వరం తీసుకుపోయింది, ఆవిడేం చేస్తుంది? ఇన్నేళ్లూ నా నాలుక కట్టేశారే, దానికి కోపం. బియ్యం నేనే కడిగాను. అన్నం సగం మెదిగేదాకా నేనే దంచాను. పుల్లకి అదిమాను, కాల్చాను. చేతులు నల్లబడేలా అక్రోట్లు వలిచాను. పూతలో మటుకు వేలు పెట్టకూడదు. హస్తం చేతికొచ్చేదాకా ఆగాలి. ఆగాను. జుట్టు నెరిసింది. నేను కాల్చింది ఎలా ఉందో నేనే నోట పెట్టుకోకుండా జనానికిచ్చాను. ఆ పిల్ల ఉమ్మినప్పుడు మొదటిసారి కుండలో వేలు ముంచి నాకాను. సిగ్గుతో చచ్చిపోయాను."

"ఒక్క మాట నాతో చెప్పాల్సింది."

"మీతోనా?" షిజునో నవ్వింది. "మీరు ఇంకో కెటిల్ టీ పెట్టమనేవాళ్లు."

గుమ్మంలో మచికో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. ఎంత విందో కూడా తెలియలేదు.

"వేరు కుంపటి పెట్టాలని ఉంటే తిన్నగా చెప్పొచ్చుగా వదినా," అంది. "అమ్మకి జబ్బులంటగట్టడం ఎందుకు?"

"విన్నావన్నమాట."

"విన్నాను. నమ్మను. రేపు నలుగురిలో ఆ మాట నీ నోట వచ్చిందంటే మాత్రం, అన్నయ్య ఊరుకున్నా నేనూరుకోను."

"నేను వేరు కుంపటి పెట్టడం లేదు మచికో. ఉన్న కుంపటి చల్లారకుండా చూస్తున్నాను."

ఉప్పు అందుకుంది. రెండు వేళ్లకొచ్చినంత తీసి గిన్నెలో వేసింది. మిసో కలిపింది. చిటికెనవేలు ముంచి, మొగుడూ ఆడపడుచూ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని తీరిగ్గా చప్పరించింది.

*

పొద్దున్నే షిజునో కుంపటి వాకిట్లో పెట్టేసరికి దాని పక్కన గడ్డితాడుతో కట్టిన కొత్త పుల్లల కట్ట ఉంది. యాసుహిరో కనిపించలేదు.

బొగ్గు రాజుకుంది. చెప్పు ఆకారంలో పుల్లలకి అదిమిన అన్నం ముద్దలు వరసగా పేర్చింది. పైన చూరుకి మసుయా వాకిలి తెర వేలాడుతోంది. నీలిమందు రంగు గుడ్డ మీద తెల్లటి అక్షరాల్లో కొట్టు పేరు. గాలికి దాని అంచు ఆమె తలకి తగిలి తగిలి పోతోంది.

పూత పూయకుండా ముందు ఒట్టి ముద్దని రెండు వైపులా పొక్కు కట్టేలా కాల్చాలి. అప్పుడు పూత. అప్పుడు మళ్లీ నిప్పు. మిసో అంచులు మాడీమాడనట్టు నల్లబడేసరికి ఎగోమా కమ్మదనం వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా పాకింది. దువ్వెనల కొట్టావిడ బయటికొచ్చి ముక్కు పైకెత్తింది. అక్రోటు వాసన కాదని ఆవిడకి తెలిసింది. లోపలికి పోయి ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చింది.

వచ్చారుగానీ ఎవరూ దగ్గరికి రాలేదు. ఎదుటి అరుగుల మీద నిలబడి చూశారు. ఊరివాళ్లు కదలకపోయేసరికి పైఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా ఇదేదో పద్ధతి కాబోలనుకుని వాళ్ల వెనకే ఆగిపోయారు.

డప్పు వినబడింది. గుర్రం మీద పెళ్లికూతురు వేషం, పల్లకీ మోసేవాళ్లు, గడ్డి టోపీల బాటసారులు వచ్చారు. అందరికీ ముందు కుమెజో గారు, గడ్డం ఎత్తి, విగ్గు జారకుండా మెడ బిగించి నడుస్తున్నాడు. మసుయా ముందుకి రాగానే కర్ర నేలకి తాటించాడు. ఊరేగింపు ఆగింది.

చెక్క జాలీ తలుపు తెరుచుకుంది.

టోమె నల్లటి పండగ కిమోనో కట్టుకుంది. నడుము పట్టీలో హస్తం ఉంది. వెనకాల మచికో, ఆమె వెనక యాసుహిరో వచ్చారు. వీధిలో మాటలు ఆగిపోయాయి. గుర్రం ఒక్కటే తల విదిలించింది.

ముసలావిడ కుంపటి దాకా నడిచింది. కోడలి మొహం చూడకుండా చెయ్యి చాపింది.

షిజునో బాగా కాలిన పుల్ల ఏరి ఆ చేతికిచ్చింది.

టోమె కొరికింది. నమిలింది. ఇంకో ముక్క కొరికింది. అంత నెమ్మదిగా ఆవిడ ఎప్పుడూ తినలేదు. పెళ్లికూతురు వేషం కట్టిన అమ్మాయి గుర్రం మీద నుంచి మెడ చాచి చూస్తోంది. చివరి మెతుకు దాకా తిన్నాక పుల్ల ఒట్టిదయింది.

"ఎగోమా," అంది టోమె గట్టిగా. "అక్రోటు కాదు."

వీధంతా ఊపిరి వదిలింది. "అబ్బ, ఏం నాలుకండీ!" అన్నారెవరో. "ఈ వయసులో!"

మచికో విజయగర్వంతో వదిన వైపు తిరిగింది.

షిజునోకి మాత్రం తెలుసు. నూరినప్పుడు కొన్ని గింజలు నలక్కుండా వదిలింది, పంటి కింద చిట్లితే బాగుంటుందని. అత్తగారికి చెప్పింది నాలుక కాదు. ఆ గట్టి పళ్లు.

ఒక్క ప్రశ్న చాలు. 'ఉప్పు సరిపోయిందా అత్తయ్యా?' నలుగురిలో అడిగితే ఆవిడ ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పినా గుడ్డిగా చెప్పాలి. ప్రశ్న నోటి దాకా వచ్చింది. యాసుహిరో ఆమె పెదాల వంకే చూస్తున్నాడు, కుంగిన దూలం కింద నిలబడ్డవాడిలా.

టోమె అప్పుడు మొదటిసారి కోడలి కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో బతిమాలడం లేదు. అడుగు, నీకు దమ్ముంటే అడుగు అన్నట్టున్నాయి.

షిజునో ప్రశ్నని మింగేసింది. భయపడి కాదు. ఆ రకంగా గెలిస్తే ఈ నిప్పు తనది కాదు.

"అవునత్తయ్యా. ఎగోమాయే. మా పుట్టింటి గింజలు."

"ఇది మసుయా రుచి కాదు."

"కాదు," అంది షిజునో, అందరికీ వినబడేలా. "ఇది నా చేతి రుచి."

దువ్వెనల కొట్టావిడ చేత్తో నోరు మూసుకుంది.

"మా ఇంటి రుచి కానిదానికి మా ఇంటి పేరెందుకు?" అంది టోమె. "యాసుహిరో. తెర దించు."

యాసుహిరో కదల్లేదు.

"అన్నయ్యా, అమ్మ చెబుతోంది," అంది మచికో.

అతను తల్లిని చూశాడు. భార్యని చూశాడు. వీధినిండా జనం ఉన్నారు. చిన్నప్పటి నుంచీ ఆ తెర కింద నుంచి తల వంచి దూరినవాడే. పెళ్లాంతో ఏదో అనబోయాడు.

"దించండి," అంది షిజునోయే. "మీరు దించకపోతే నేను దించుతాను. పెద్దావిడ అన్నదాంట్లో అబద్ధం లేదు."

అతను మునివేళ్ల మీద లేచి వెదురు కర్ర నుంచి తెర ఊడదీశాడు. పాత గుడ్డ దుమ్ము రాల్చింది. చూరు బోసిపోయింది. ఎన్నాళ్లుగానో ఎండ తగలని గోడ మీద తెర ఉన్నంత మేర చెక్క లేతగా, కొత్తగా కనబడింది.

టోమె లోపలికి నడిచింది. వెనకే మచికో వెళ్లింది.

కుంపటిలో బొగ్గు చిటపటలాడింది. షిజునో తలకి కట్టుకున్న తెల్ల తువ్వాలు విప్పింది. ముక్కాలిపీట ఎక్కి, ఖాళీ వెదురు కర్ర మీద పరిచి రెండు కొసలూ ముడేసింది. దాని మీద ఏ పేరూ లేదు. చెమట మరక ఒకటి ఉంది.

దిగి చేతులు తుడుచుకుని, మాడబోతున్న పుల్లల్ని ఒక్కొక్కటే తిప్పింది.

ఊరేగింపు ముందుకీ కదల్లేదు, వెనక్కీ కదల్లేదు. అధికారి వేషంలో కుమెజో గారు కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆయన భార్య ఎదుటి అరుగు మీద నుంచి వద్దన్నట్టు తల ఊపుతోంది. ఆయన చూడనట్టు నటించాడు.

"నాకొకటి ఇయ్యమ్మా," అన్నాడు.

"ఇస్తాను బాబాయ్‌గారూ. ఒక షరతు. ఈ వాకిలికి ఇప్పుడు పేరు లేదు. కాపాడాల్సిన మర్యాదా లేదు. ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పాలి."

"ఇంతమందిలోనా?"

"ఇంతమందిలోనే. చెప్పలేకపోతే ముట్టుకోకండి."

ఆయన పుల్ల తీసుకున్నాడు. కొరికాడు. నములుతుంటే విగ్గు చెవి మీదికి జారింది, పట్టించుకోలేదు. ఇంకోటి కొరికి, ఎవరో మెడమీద కత్తి పెట్టినట్టు కళ్లు గట్టిగా మూసుకుని అన్నాడు.

"ఉప్పు తగ్గింది."

వీధిలో ఎవరో ఫక్కున నవ్వబోయి ఆపుకున్నారు. కుమెజో గారి భార్య అరుగు మీదే కూలబడింది. ఆ వీధిలో ఒకరి చేతి వంటకి ఇంకొకరు వంక పెట్టడం అదే మొదలు.

షిజునో కుండలో చిటికెనవేలు ముంచి నాకింది. నిన్న అంత సరిచూసి వేసినా, ఇన్నాళ్ల ఉప్పుకి భయపడ్డ చెయ్యి వెనక్కి తగ్గింది.

"తగ్గింది," అంది. ఆమెకి చెప్పలేనంత హాయిగా ఉంది. ఉప్పు తీసి వేసి తిప్పింది. "ఇది తిని మళ్లీ చెప్పండి."

"రెండోది కూడా తినాలా?"

"తినాలి. ఇన్నాళ్లూ తిన్నవాటికి పరిహారం."

ఈసారి నవ్వు ఆగలేదు. పల్లకీ మోసేవాళ్లలో ఒకడు పల్లకీ దించేశాడు. గడ్డి టోపీలు దగ్గరికి జరిగాయి. గుర్రం మీద పెళ్లికూతురు "నాక్కూడా, నాక్కూడా!" అని అరిచింది.

పుల్లలు అందిస్తూ షిజునో ఒకసారి తల తిప్పింది. చెక్క జాలీ వెనక టోమె నిలబడి ఉంది. ఒట్టి పుల్లని ఆవిడ వెదురు బొంగులో వెయ్యలేదు. ఇంకా చేతిలోనే ఉంది. చూస్తుండగానే దాని కొనని నోట్లో పెట్టుకుని, పోగొట్టుకున్నదేదో వెతుకుతున్నట్టు నెమ్మదిగా కొరుకుతోంది.

షిజునో ఒక అడుగు వేసింది అటువైపు.

లోపలి నుంచి జాలీ మీదికి చెక్క తలుపు జరిగింది. మచికో చెయ్యి కనబడి మాయమయింది. గడియ పడ్డ చప్పుడు వీధిలో నిలబడ్డ అందరూ విన్నారు.

షిజునో వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. కుంపటి దగ్గరికొచ్చి, "తర్వాత ఎవరు?" అంది.

మూసిన తలుపుకీ వెలుగుతున్న కుంపటికీ మధ్య యాసుహిరో నిలబడి ఉన్నాడు. మసుయా పేరున్న నీలి తెర రెండు చేతుల్లో ఉంది. దాన్ని ఎక్కడ దించాలో అతనికి తెలియడం లేదు.